పేనుకొరుకుడుకి సూదిమందా, జాక్ మాత్రలా?

జుట్టు ఊడి నెత్తి మీద రూపాయి బిళ్లంత మచ్చ కనబడగానే చాలామంది అడిగేది ఇదే: డాక్టర్ సూది వేస్తానంటున్నారు, నెట్‌లోనేమో జాక్ మాత్రలు (జాక్ అనే ఎంజైములను ఆపేవి) అంటున్నారు, ఏది మేలు?

రెండూ చేసే పని ఒకటే. వెంట్రుక కుదుళ్ల చుట్టూ మూగి దాడి చేస్తున్న టి-కణాలను (ఒంటిని కాపాడే రక్షణ కణాలను) అదుపులో పెడతాయి. కుదుళ్లలోని మూలకణాలు చావవు కాబట్టే, దాడి ఆగితే జుట్టు మళ్లీ మొలుస్తుంది.

ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ సూదిని నాలుగు నుంచి ఆరు వారాలకోసారి మచ్చలోనే వేస్తారు. నొప్పి ఉంటుంది, ఒక్కోసారి అక్కడ చర్మం గుంటపడుతుంది. నెత్తంతా ఊడినవాళ్లకు అన్నిచోట్లా పొడవడం కుదిరే పని కాదు.

దాడి చేయమని టి-కణాలకు అందే సంకేతాలు జాక్ ఎంజైముల మీదుగా వెళ్తాయని, వాటిని ఆపితే జుట్టు వస్తుందని 2014లో కొలంబియా యూనివర్సిటీలో ఏంజెలా క్రిస్టియానో, రఫేల్ క్లైన్స్ బృందం చూపించింది. బారిసిటినిబ్ అనే జాక్ మాత్రకు (2021లో కోవిడ్‌కి వాడింది ఇదే) పేనుకొరుకుడు కోసం 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. పరీక్షల్లో రోజుకు 4 మి.గ్రా. వాడిన ప్రతి 100 మందిలో 36 నుంచి 39 మందికి 36 వారాల్లో నెత్తి 80 శాతం నిండింది. ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో అది ఆరుగురికి మించలేదు. కానీ వాళ్లంతా సగం జుట్టైనా పోయినవాళ్లు. ఆ లెక్క చిన్న మచ్చకి వర్తించదు.

నా దృష్టిలో అసలు చూడాల్సింది, మందు ఆపాక ఏమవుతుందని. మాత్ర సంకేతాన్ని ఆపుతుందే తప్ప, దాడి నేర్చిన కణాలను తీసేయదు. ఆపిన కొన్ని నెలలకే ఎక్కువమందికి జుట్టు మళ్లీ రాలుతుంది. అంటే ఏళ్ల తరబడి వాడాలి. అన్నాళ్లూ ఒళ్లంతటి రక్షణా కాస్త తగ్గే ఉంటుంది. లోపల నిద్రపోతున్న టీబీ మన దగ్గర చాలామందిలో ఉంది కాబట్టి ముందే ఆ పరీక్ష చేయించుకోవాలి. రక్తం గడ్డలు, గుండె సమస్యల హెచ్చరికలూ ఉన్నాయి. సూది తర్వాతా తిరగబెట్టొచ్చు, కాకపోతే ఆ మచ్చకే మళ్లీ వేస్తే సరిపోతుంది. చిన్న మచ్చలు చాలావరకు ఏడాదిలోపు వాటంతటవే పూడతాయి కూడా.

అందుకే ఒకటి రెండు మచ్చలకైతే నా ఓటు సూదికే. సగం నెత్తి ఖాళీ అయినా, కనుబొమలు పోయినా జాక్ మాత్రల గురించి డాక్టర్‌ని గట్టిగా అడగండి.

జుట్టు పెరగడానికి నెత్తికి రాసే మినాక్సిడిల్ పక్కవాయిద్యమే. పీఆర్‌పీకి (మన రక్తంలోంచే తీసిన ప్లాస్మాని నెత్తిలోకి ఎక్కించడం) ఖర్చు ఎక్కువ, రుజువు తక్కువ. ఉల్లిరసం జోలికి నేను పోను.

మాత్రలు మొదలుపెడితే మాత్రం, 36 వారాలు నిండకుండా పనిచేయలేదని ఆపేయకండి.