జెడ్4, మస్టాంగ్, ఆక్టేవియా వీఆర్‌ఎస్: తిరుపతిలో ఉండేవాళ్ళకు ఏది మేలు?

ముందే చెప్పేస్తున్నా, నేను కొన్నది బీఎండబ్ల్యూ జెడ్4. 2011 మోడల్, ఎరుపు రంగు, రెండే సీట్లు, బటన్ నొక్కితే ఇరవై సెకన్లలో పైకప్పు మడుచుకుని డిక్కీలోకి వెళ్ళిపోతుంది. కొని నాలుగు నెలలు కావస్తోంది. ఈ నాలుగు నెలల్లో కనిపించినవాళ్ళంతా అడిగింది ఒకటే, ఇంకాస్త వేసుకుంటే స్కోడా వాళ్ళ ఆక్టేవియా వీఆర్‌ఎస్ వచ్చేది కదా, అప్పు చేసైనా ఫోర్డ్ మస్టాంగ్ తీసుకోవాల్సింది కదా అని. మూడూ నడిపి చూశాకే తేల్చుకున్నాను కాబట్టి, మన తిరుపతి, చిత్తూరు వైపు ఇలాంటి బండి కోసం ఏళ్ళ తరబడి డబ్బు కూడబెట్టుకునేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నా.

నా కోరిక 2010 నాటిది. ఇంజినీరింగ్ చదివే రోజుల్లో కపిలతీర్థం దగ్గర బస్సు కోసం నిలబడి ఉంటే తమిళనాడు నంబరుతో ఇలాంటి బండే ఒకటి మెల్లగా వెళ్ళింది. పైకప్పు తీసేసి ఉంది, నడిపే ఆయన ఒక్కడే ఉన్నాడు, పక్క సీట్లో లడ్డూల సంచి, దానికి సీటు బెల్టు పెట్టి ఉంది. ఆ సంచి నాకింకా కళ్ళ ముందే ఉంది. ఆ తరవాత పెళ్ళి, మెడికల్ ఏజెన్సీకి పెట్టుబడి, ఇల్లు, అమ్మ మోకాళ్ళ ఆపరేషన్, ఏది వచ్చినా కారే వెనక్కి జరిగింది. చివరికి 30 లక్షలు చేతిలో పెట్టుకుని వెతకడం మొదలుపెట్టాను. ఇంట్లో డిజైర్ ఒకటి ఉంది, అది అలాగే ఉంటుంది అన్నది మొదటి షరతు.

30 లక్షలకు ఇలాంటి బండి కొత్తది రాదు. 2025లో వచ్చినప్పుడు ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ 53 లక్షలు, అదే ఏడాది వంద బండ్లే తెప్పించిన కొత్త తరం ఆక్టేవియా ఆర్‌ఎస్ 49.99 లక్షలు, అవీ షోరూమ్ ధరలే, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిపితే ఇంకా పైకి పోతుంది. అందుకే సెకండ్‌హ్యాండ్.

మస్టాంగ్‌ను చెన్నైలో చూశాను. 2016లో ఫోర్డ్ మన దేశంలో 65 లక్షలకు దించిన జీటీ మోడల్ అది, 5 లీటర్ల వీ8 ఇంజిన్, సుమారు 400 హార్స్‌పవర్. స్టార్ట్ చేయగానే ఆ శబ్దం చెవుల్లో కాదు, కడుపులో వినిపిస్తుంది. ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో లేదు కాబట్టి ఇంజిన్ వరకు మూడింటిలో ఇదే సులువైనది, పాడయ్యే వస్తువులు తక్కువ. కానీ అద్దాలు కలపకుండానే 1.9 మీటర్ల వెడల్పు. బైరాగిపట్టెడలో మా సందులో రెండు వైపులా బైకులు నిలిపితే డిజైర్ వెళ్ళడమే కష్టం, దీన్ని లోపలికి తేవాలంటే రోజూ ఎవరో ఒకరి బైకు పక్కకు జరపాలి. పైగా పూర్తిగా బయటి దేశంలో తయారై వచ్చిన బండి, ఫోర్డ్ కూడా 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. సర్వీసు ఉంది, ఆయిలూ ఫిల్టర్లూ దొరుకుతాయి, ఒక హెడ్‌లైటు పగిలితే మాత్రం ఎన్నాళ్ళు ఆగాలన్నది నాకు టెన్షన్. అడిగిన ధర 46 లక్షలు. బాధపడుతూనే వదిలేశాను. వెడల్పు రోడ్డు మీద ఇల్లు ఉండి బడ్జెట్ ఉన్నవాళ్ళు దీన్ని తప్పకుండా ఒకసారి నడిపి చూడండి.

ఆక్టేవియా వీఆర్‌ఎస్ 245 విషయం వేరు. స్కోడా 2020లో 35.99 లక్షలకు 200 బండ్లే అమ్మింది. 245 హార్స్‌పవర్, ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్, 590 లీటర్ల డిక్కీ, ఐదుగురు కూర్చోవచ్చు. బెంగళూరులో దొరికిన బండికి 31 అడిగారు. నా భార్య వెనక సీట్లో కూర్చుని కాళ్ళు చాపుకుని, "ఇది తీసుకుంటే నేనేమీ అనను" అంది. 100 కిలోమీటర్ల వేగం ఆరున్నర సెకన్లకు కాస్త అటూ ఇటూగా అందుకుంటుంది, అయినా లోపల కూర్చున్నవాళ్ళకు ఆ వేగం తెలియదు, అంత నిబ్బరంగా పోతుంది. ఇందులోని 2 లీటర్ల టీఎస్‌ఐ ఇంజిన్ కుటుంబం ఫోక్స్‌వ్యాగన్, ఆడి బండ్లలోనూ ఉంది కాబట్టి దాని మీద చేయి తిరిగిన మెకానిక్‌లు దొరుకుతారు. ఇది కొనేవాళ్ళు ఒక్కటి గట్టిగా అడగాలి, ఇంజిన్‌కు రీమ్యాప్, అంటే పవర్ పెరిగేలా దాని కంప్యూటర్ సెట్టింగులు మార్చడం, చేయించారా లేదా అని. ఇలాంటి బండ్లను పవర్ పెంచుకుని తిప్పి, అమ్మే ముందు మళ్ళీ మామూలు చేయించి పెట్టేవాళ్ళు ఉంటారు, ఆ భారమంతా అప్పటికే గేర్‌బాక్స్ మోసి ఉంటుంది.

బుద్ధి మొత్తం ఆక్టేవియా వైపే ఉంది. అదే రోజు సాయంత్రం జెడ్4 చూశాను.

3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, రెండు టర్బోలు, 306 హార్స్‌పవర్. బానెట్ పొడవుగా ముందుకు సాగి ఉంటుంది, మనం దాదాపు వెనక చక్రాల మీద కూర్చుంటాం, స్టీరింగ్ కొంచెం తిప్పగానే ఆ పొడవాటి ముక్కు తిరగడం, వెనకాలే నడుము తిరగడం తెలుస్తుంది. ఆక్టేవియాలో రోడ్డును కారు చూసుకుంటుంది, ఇందులో మనమే చూసుకోవాలి. నాకు కావలసింది అదే. కానీ ఈ ఎన్54 ఇంజిన్ గురించి తెలియకుండా ఎవరూ డబ్బు పెట్టొద్దు. ఇంజిన్‌లోకి పెట్రోలును ఒత్తిడితో పంపే దీని హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు పేరుమోసిన సమస్య, 2010లో అమెరికాలో దాదాపు 1,30,000 బండ్లను దీని కోసమే కంపెనీ వెనక్కి పిలిచింది. కరెంటుతో తిరిగే వాటర్ పంపు ఇంకో బలహీనత, ముందుగా ఏ సూచనా ఇవ్వకుండా ఆగిపోవచ్చు, అలాగే నడిపితే వేడెక్కి ఇంజిన్‌కే ముప్పు. నేను చూసిన బండి ఓనరు రెండూ మార్పించిన బిల్లులు తీసి టేబుల్ మీద పరిచాడు. ఆ బిల్లులు చూశాకే 25 లక్షలకు బేరం కుదిరింది. అవి లేకుంటే ఎంత ఎర్రగా మెరిసినా వెనక్కి వచ్చేసేవాణ్ణి.

కష్టాలు మొదటి రోజే మొదలయ్యాయి. బెంగళూరు నుంచి కోలారు, ముల్బాగల్ దాటి పలమనేరు దగ్గరకు రాగానే టైరు హెచ్చరిక వెలిగింది. ఎడమ వెనక టైరులో మేకు, సరిగ్గా అంచు మీద. దీనివి రన్‌ఫ్లాట్ టైర్లు, గాలి పోయినా కొంత దూరం నడుస్తాయి, అందుకని స్టెప్నీ అనేదే ఉండదు. పంక్చర్ షాపు అతను వేలితో నొక్కి చూసి, "అన్నా, సైడు రాయి మాదిరి ఉండాది, నా మిషను దీన్ని ఇప్పలేదు. ఇప్పినా ఆ అంచులో ప్లగ్గు నిలబడదు" అన్నాడు, గాలి నింపి డబ్బులు కూడా తీసుకోలేదు. మొగిలి ఘాట్‌లో లారీల వెనక యాభై దాటకుండా దిగి, చిత్తూరులో మా పిన్ని వాళ్ళింటి ముందు ఆపేటప్పటికి చొక్కా తడిసిపోయింది. తీరిగ్గా టైరు మీద చూస్తే చివరి నాలుగు అంకెలు 3216. అంటే 2016లో 32వ వారంలో తయారైంది. పైన గాడులు లోతుగానే ఉన్నాయి, రబ్బరు మాత్రం గట్టిపడిపోయింది. కొనే రోజు ఇంజిన్ బిల్లులన్నీ చదివాను, ఈ నాలుగు అంకెలు చదవలేదు. మీరు ముందు ఇవే చదవండి.

వెనక సైజు 255/35, 18 అంగుళాలు. చిత్తూరులో లేదు, తిరుపతిలో లేదు, చెన్నై నుంచి నాలుగు రోజులకు వచ్చాయి. దారిలోనే కాణిపాకంలో పూజ చేయించాలని అనుకున్నది అయిదో రోజుకు పడింది. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బండి కదిపినప్పుడు వెనక రెండూ కొత్త టైర్లే కదా అని ఒక తృప్తి. తిరుపతి నుంచి బస్సులో వచ్చిన అమ్మ దండం పెట్టుకుని, కారు చుట్టూ తిరిగి చూసి, "ఇద్దరే కూచుంటే ఇంగ నేనెక్కడ కూచోవాల నాయనా?" అంది. ఆ రోజు అమ్మే నా పక్కన కూర్చుని తిరుపతి వచ్చింది, నా భార్య, పాప డిజైర్‌లో వెనక వచ్చారు.

ఇంటి దగ్గర రెండో కష్టం. మన ఊళ్ళో ఇళ్ళకు రోడ్డుకూ గేటుకూ మధ్య కాలువ, దాని మీద నిటారుగా సిమెంటు ర్యాంపు ఉంటుంది కదా, డిజైర్ ఏళ్ళుగా ఎక్కుతున్న ర్యాంపు మీద దీని ముందు బంపరు కింది అంచు ఆనుకుపోయింది. ఆ గీరుకున్న శబ్దం విన్నప్పుడు నా గోరు ఊడినట్టే అనిపించింది. మర్నాడు మేస్త్రీని పిలిచి ర్యాంపును మూడడుగులు పొడిగించి వాలు తగ్గించాం. స్పీడ్ బ్రేకర్లు ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కిస్తూ దాటాలి. ఇది ఆక్టేవియాకు కొంత, మస్టాంగ్‌కు ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. కొనడానికి ముందే టేపుతో మీ ర్యాంపు, మీ సందు కొలుచుకోండి.

మూడోది బ్యాటరీ, ఇందులో తప్పు పూర్తిగా నాది. వానలని ఇరవై రోజులు బయటికి తీయలేదు, బ్యాటరీ పడుకుంది. బ్యాటరీ ఉన్నది డిక్కీలో, డిక్కీ తెరుచుకునేది కరెంటుతో! రిమోట్‌లో దాగి ఉన్న చిన్న ఇనప తాళంచెవితో తలుపు తీసి, బానెట్ కింద ఉన్న పాయింట్లకు డిజైర్ నుంచి వైరు కలిపితే లేచింది. కొత్త బ్యాటరీ వేశాక దాన్ని ల్యాప్‌టాప్ పెట్టి కారు కంప్యూటర్‌లో నమోదు చేయాలి, ఆ పరికరం మా మెకానిక్ దగ్గర లేదు, వేరే అతన్ని పిలిపించాల్సి వచ్చింది. ఇప్పుడు చిన్న ఛార్జర్ ఒకటి కొని తగిలించి ఉంచుతున్నా. డ్రైవింగ్ తప్ప వేరే ఏ పనికీ తీయని బండి కాబట్టి జెడ్4కు ఇది తప్పదు, ఆక్టేవియా అయితే రోజూ తిరిగేది, ఈ సమస్యే వచ్చేది కాదు.

కాగితాల పని టైరుతో పోలిస్తే నయం. కర్ణాటక నుంచి ఎన్‌ఓసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్స్, అక్కడ మిగిలిన ట్యాక్స్‌కు రీఫండ్ దరఖాస్తు. మా నాయన చిత్తూరు జిల్లా ఏపీ 03 నంబరే కావాలన్నారు, 2019 నుంచి జిల్లాల నంబర్లు పోయి రాష్ట్రమంతా ఒకటే సిరీస్ అయిందని చెబితే కాసేపు మాట్లాడలేదు.

తిరుమల ఘాట్ గురించి చాలామంది అడుగుతారు. అక్కడ హార్స్‌పవర్‌తో పని లేదు. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు కనీసం పట్టాలన్నది నిబంధన, ముందే చేరితే ఫైన్. 2025 ఆగస్టు 15 నుంచి అలిపిరి దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి, పాత ఓనరు పేరు మీదున్నది తీయించి కొత్తది వేయించుకునే వెళ్ళండి. 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు మీద దిగుతూ, ముప్పై వేగంలోనే, ఒక్కో మలుపులో స్టీరింగ్ బరువు మారడం చేతులకు తెలిసింది. మూడు బండ్లలో ఆ వేగానికే ఆనందం ఇచ్చేది ఇదొక్కటే. కానీ వెళ్ళింది నేనూ నాయనా, ఇద్దరమే. నలుగురం కొండకు వెళ్ళాలంటే డిజైరే.

ఇక ఏది మేలు? ఇంట్లో ఇంకో కారు లేకుంటే ఆక్టేవియా, రెండో ఆలోచన వద్దు. ఉంటే, చెన్నైకి ఏడాదికి రెండు మూడుసార్లు సర్వీసుకు వెళ్ళే ఓపిక ఉంటే, కొన్న ధర కాకుండా కనీసం నాలుగు లక్షలు పక్కన పెట్టుకోగలిగితే జెడ్4. నేను 5 లక్షలు మిగుల్చుకున్నాను, టైర్లు, బ్యాటరీ, ర్యాంపు, ఆయిల్, బ్రేక్ ప్యాడ్లకు అందులో లక్షా డెబ్బై వేలు ఇప్పటికే పోయాయి. మొత్తం 30 బండికే పెట్టి ఉంటే మొదటి నెలలోనే అప్పు చేసేవాణ్ణి. మైలేజీ ఊళ్ళో ఆరు, హైవేలో పది.

చెన్నైలో బండి చూసేవాళ్ళు, మూడింటిలో ఏదైనా సరే, 2015, 2023 డిసెంబరు వరదలు మర్చిపోవద్దు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, కడగడానికి ఎవరికీ గుర్తురాని ఆ చివరి జానెడులో బురద గీత ఉంటే బండి మునిగినట్టే. సీటు కింద బోల్టుల తుప్పు చూడండి, కార్పెట్ ఎత్తి వాసన చూడండి. జెడ్4 అయితే పైకప్పును మూడుసార్లు తెరిచి మూయించండి, మధ్యలో ఆగినా, కింద నూనె చెమ్మ కనిపించినా బేరం ఆపేయండి.

ముందు టైర్లు రెండూ కూడా 2016వే. వచ్చే వారం అవీ మార్చేస్తున్నా. ఆ తరవాత హార్స్‌లీ హిల్స్‌కు, పక్క సీట్లో ఈసారి నా భార్య.