క్వాడ్‌టోన్ రిప్, కార్బన్ ఇంకులు: 3 ఏళ్ల వాడకం తర్వాత

నలుపు తెలుపు ఫోటోలు ప్రింట్ చేసుకునేవాళ్లు క్వాడ్‌టోన్ రిప్ (ఎప్సన్ ప్రింటర్లో ఏ ఇంక్ ఎంత పడాలో మనమే నిర్ణయించుకోనిచ్చే సాఫ్ట్‌వేర్) ఒక్కసారైనా వాడి చూడాలి. నేను దానివైపు మొగ్గింది ఒక్క లీనియరైజేషన్ (టోన్లు సమానంగా పడేలా సరిదిద్దడం) వల్లే. 21 గ్రే మెట్ల పట్టీ ప్రింట్ చేసి, రాత్రంతా ఆరనిచ్చి, ఒక్కో మెట్టూ కొలిచి ఆ అంకెలు కర్వ్‌లో (ఏ టోన్‌కు ఎంత ఇంక్ పడాలో చెప్పే ఫైల్) వేస్తే తెలుపు నుంచి నలుపు దాకా అన్నీ సమానంగా విడిపోతాయి. తెల్ల పంచె మడతలూ నల్ల గొంగడి పోగులూ ఒకే ప్రింట్‌లో కనిపిస్తాయి. ఎప్సన్ డ్రైవర్‌లోని అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ కూడా బాగానే ఇస్తుంది. కాకపోతే వేరే కంపెనీ కాగితం వేసినప్పుడు నీడలు మూసుకుపోతే, దిద్దుకోవడానికి అందులో పెద్దగా చోటు లేదు.

కర్వ్ ఒకసారి కుదిరితే ఇక ముట్టుకోనక్కర్లేదని మొదటి ఏడాది అందరికీ చెప్పేవాణ్ని. ఇంక్ మారనంత వరకే అని ఇప్పుడు కలుపుతాను.

ప్రింటర్‌లోంచి రంగు ఇంకులు తీసేసి, బయట దొరికే కార్బన్ సెట్ నింపాను: ఒక గాఢమైన నలుపు, మిగతావి దాన్నే మెట్టుమెట్టుగా పలచన చేసిన గ్రేలు. మ్యాట్ (మెరుపులేని) కాటన్ కాగితం మీద కాస్త గోధుమ జీర తిరిగిన ఆ టోన్ చాలా అందంగా ఉంటుంది. రెండు నెలలు ప్రింటర్ ఊరికే ఉన్నాక లేత మెట్లు మసిబారాయి. నాజిల్ చెక్‌లో (ఇంక్ రంధ్రాలు మూసుకుపోయాయేమో చూసే పరీక్ష ప్రింట్) ఒక్క గీతా తెగలేదు. అయినా మూడుసార్లు హెడ్ క్లీనింగ్ చేశాక 5, 10 శాతం మెట్లు ఏకంగా కాగితం తెలుపులో కలిసిపోయాయి.

జరిగింది ఇదీ: నిలవున్న మజ్జిగలా పిగ్మెంట్ (ఇంక్‌లోని రంగు పొడి) అడుక్కి దిగి, పైన తేట తేరింది. ఇంక్ వెళ్లే దారి అడుగునే కాబట్టి ముందు చిక్కటిది వచ్చింది. క్లీనింగ్‌లు దాన్ని లాగేశాక పలచటిది మిగిలింది. నాజిల్ చెక్ ఇంక్ వస్తోందో లేదో చెబుతుందే తప్ప, ఎంత చిక్కగా వస్తోందో చెప్పదు. అది క్వాడ్‌టోన్ రిప్ కాలిబ్రేషన్ మోడ్‌లోనే తెలుస్తుంది: ఒక్కో ఇంక్‌నూ విడి వరుసలో ప్రింట్ చేస్తుంది. సెట్ నింపిన రోజు తీసిన షీట్ దాచుకుంటే, పక్కన పెట్టి చూసినప్పుడు ఏ గ్రే తప్పిందో ఇట్టే దొరుకుతుంది.

ఇలాంటప్పుడు మళ్లీ లీనియరైజ్ చేయకండి. ఇంక్ కలిసిన మర్నాడే ఆ కర్వ్ తప్పవుతుంది. కార్ట్రిడ్జ్ తీసి అరనిమిషం అటూ ఇటూ మెల్లగా వంచండి. గట్టిగా కుదిపితే బుడగలు పట్టి నాజిళ్లు నిజంగానే ఆగిపోతాయి. గొట్టాలున్న ప్రింటర్‌లో అయితే గొట్టాల్లో దిగినదాన్ని ప్రింట్ చేసి బయటికి పంపాల్సిందే.

వారానికి ఒక ఏ4 అయినా తీసేవాళ్లకు కార్బన్ సెట్టే మేలు. నెలకు రెండు మూడు ప్రింట్లు తీసే నాకు మాత్రం ప్రస్తుతానికి కంపెనీ ఇంకులు, వాటి మీద క్వాడ్‌టోన్ రిప్ సరిపోతున్నాయి. లేత చోట్ల భూతద్దంతో చూస్తే చుక్కలు కాస్త తెలుస్తాయి, అంతే. ఇదంతా మ్యాట్ కాగితం సంగతి. నిగనిగలాడే కాగితం మీద మ్యాట్ నలుపు (మ్యాట్ కాగితం కోసం చేసిన నల్ల ఇంక్) పట్టుకోదు, వేలితో రుద్దితే వచ్చేస్తుంది.