లేత ఆకుపచ్చా, ముదురు ఆకుపచ్చా: గదికి ఏది మేలు?

మొన్న వేసవిలో మా ఇంట్లో రెండు గదులకు రంగులు వేయించాం. రెండూ ఆకుపచ్చే. అత్తయ్యగారి గదికి లేతది, మా పడకగదికి ముదురుది. చూసిపోయిన వాళ్లందరూ అడిగేది ఒకటే, "మా గదికి ఏది వేయించమంటావు?" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను.

చిన్న గదికి లేత రంగు, పెద్ద గదికి ముదురు రంగు అని అందరూ అంటారు. నా లెక్కలో గది కొలతలు తర్వాతి మాట. ఆ గదిలోకి పగలు ఎంత వెలుతురు వస్తుంది, మీరు ఏ వేళ అందులో ఉంటారు, ఈ రెండూ తేలితే రంగు దానంతటదే తేలిపోతుంది.

చాలా కంపెనీలు ప్రతి షేడుకీ ఎల్‌ఆర్‌వీ అని ఒక అంకె ఇస్తాయి. గోడ మీద పడిన వెలుతురులో నూటికి ఎంత తిరిగి వస్తుందో చెప్పే అంకె అది. పిస్తా లాంటి లేత ఆకుపచ్చలకు 65, 70 దాకా ఉంటుంది. బాటిల్ గ్రీన్ లాంటివాటికి 10కి అటూ ఇటూ. ఈ తేడా అక్కడితో ఆగదు. కిటికీలోంచి వచ్చిన వెలుతురు ఒక గోడకు తగిలి, అక్కణ్నుంచి ఎదురు గోడకు తగిలి గదంతా పరుచుకోవాలి కదా. 70 అంకె ఉన్న రంగైతే రెండు గోడలు తాకాక కూడా నూటికి 49 వంతులు మిగులుతుంది. 10 అంకె ఉన్న రంగైతే మిగిలేది ఒక్క వంతే. ముదురు గదిలో కిటికీ దగ్గర బాగానే ఉండి, మంచం మూలకు వెళ్లేసరికి చీకటిగా అనిపించేది అందుకే.

అత్తయ్యగారు పగలంతా ఆ గదిలోనే ఉంటారు. పేపరు చదువుకోవడం, పూలు కట్టుకోవడం అన్నీ అక్కడే. షేడ్ కార్డు చూసి ఆవిడ ముందు ముదురుదే కోరారు, "చేమాకు రంగులా ఎంత బాగుందో" అని. నేను రెండు రంగులూ చెరో పెద్ద చార్టుకు రెండేసి కోట్లు వేసి ఆవిడ మంచం పక్క గోడకు అంటించాను. సాయంత్రం అలవాటుగా చేతికర్ర ముదురు చార్టు ముందు ఆనించి కూర్చున్నారు. లేవబోతూ చెయ్యి చాపి తడుముకుంటున్నారు. "కర్ర గోడలో కలిసిపోతోందే అమ్మాయ్" అన్నారు. దాన్నే లేత చార్టు ముందు పెడితే చటుక్కున దొరికింది. ఇక మారు మాట్లాడలేదు, లేతదే వేయించమన్నారు. పెద్దవాళ్లు మసిలే గదికి, పిల్లలు చదువుకునే గదికి నేనైతే ముదురు రంగు ససేమిరా ఒప్పుకోను.

మా పడకగది సంగతి వేరు. కిటికీ తీస్తే పక్క అపార్ట్‌మెంటు గోడే. పొద్దున్న తొమ్మిదికి వెళ్తే రాత్రికే ఆ గది మొహం చూసేది. అక్కడ లేత చార్టు పెడితే, చాలినంత వెలుతురు లేక పచ్చదనమే పోయి బూడిదరంగు తిరిగింది. ముదురుది మాత్రం పసుపు బల్బు వెలుగులో నిండుగా, హాయిగా ఉంది. అయితే దానికి పైన ఒక్క ట్యూబ్‌లైటు చాలదు. మంచానికి రెండు వైపులా, అద్దం దగ్గర విడిగా దీపాలు పెట్టించాం. ఆ ఖర్చు కూడా రంగు ఖర్చులోనే లెక్కేసుకోండి.

లేత రంగు తీసుకునేవాళ్లు కూడా లైటు సంగతి చూసుకోవాలి. 6500కె తెల్ల ట్యూబ్‌లైటు కింద లేత ఆకుపచ్చ నీలం తిరిగి ఆసుపత్రి గోడలా కనబడుతుంది. (కె అంటే కెల్విన్, ఆ అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు తిరుగుతుంది.) అత్తయ్యగారి గదిలో దాన్ని తీసేసి 4000కె పెట్టాక గానీ రంగు అసలు అందం తెలియలేదు. ఇంకొకటి, నాలుగు గోడలూ ఒకే పచ్చ అయినప్పుడు ఒకదాని ఛాయ ఇంకోదాని మీద పడి, కార్డులో కన్నా గాఢంగా తేలుతుంది. అందుకని కార్డులో నచ్చిన దానికన్నా ఒక మెట్టు లేతది, కాస్త బూడిద కలిసినట్టుండేది ఎంచుకుంటే మంచిది. చార్టు మీద వేసి చూసేటప్పుడు చుట్టూ తెల్ల అంచు వదలకండి, ఆ తెలుపు పక్కన ఏ రంగైనా ముదురుగానే అనిపిస్తుంది. పొద్దున, సాయంత్రం, రాత్రి లైటు వేశాక, మూడు వేళల్లోనూ చూడండి.

పని విషయానికొస్తే ముదురుది మొండిది. "మూడో కోటు పడితే గానీ కప్పదండీ" అని పెయింటర్ ముందే చెప్పాడు, నిజంగానే మూడు పట్టాయి. ముదురు షేడ్లు కలిపే బేస్‌లో, అంటే రంగు కలపడానికి వాడే మూల పెయింటులో, తెల్ల పిగ్మెంటు తక్కువ కాబట్టి అడుగున ఉన్నది అంత సులువుగా కప్పదు. బాత్రూమ్ పక్క గోడకు చెమ్మ ఉంటే అసలు వద్దు, ఉప్పు తేలితే తెల్లటి మచ్చలు దూరం నుంచే కనిపిస్తాయి. మాకు ఆ గోడ పొడిగా ఉంది కాబట్టి ధైర్యం చేశాం. మెరుపు లేని మ్యాట్ ఫినిష్ అయితే భుజం రాసుకున్న చోట నిగనిగలాడే గీతలు పడతాయి. లేత గోడకు స్విచ్‌బోర్డు చుట్టూ చేతి మరకలే బెడద. కడగడానికి పనికొచ్చే ఎమల్షన్ వేయించుకుంటే తడిగుడ్డతో పోతాయి. అద్దె ఇల్లయితే ముదురు జోలికి పోవద్దు, ఖాళీ చేసేటప్పుడు దాని మీద తెలుపు కప్పించడానికి మళ్లీ అదనపు కోట్లు.

ఒక్క గోడకే ముదురు వేసి మిగతావి లేతగా ఉంచడం, కింద సగం ముదురు పైన సగం లేత వేయించడం కూడా ఉన్నాయి. తేల్చుకోలేకపోతే అలా చేయండి, తప్పేం లేదు.

ఇల్లంతటికీ ఒక్కటే ఎంచుకోమంటే నేను లేతదే అంటాను, పగలు ఇంట్లో మనుషులుంటారు కాబట్టి. ఏది వేయించినా మిగిలిన రంగు పారేయకండి. మేం డబ్బా మూత బిగించి, పైన షేడ్ నంబరు, బేస్ పేరు, ఏ గదికి వేశామో రాసి అటక మీద పెట్టాం. మళ్లీ కలిపించినప్పుడు వెంట్రుకవాసి తేడా వచ్చినా, లేత గోడ మీద కనిపించదేమో గానీ ముదురు గోడ మీద అతుకు వేసినట్టే ఉంటుంది.