సోమ్ సుద్దరాయా, ఈప్ర్ బంకమట్టా?

మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడికి ఏ నేల బెటర్ అంటే నేనైతే ఫ్రాన్స్‌లోని సోమ్ అనే అంటా, కాకపోతే ఎక్కువ లాభపడింది జర్మన్లు. కింద సుద్దరాయి, నీళ్లు ఇంకిపోతాయి, తవ్వడం ఈజీ, అందుకే లోతుగా బంకర్లు తవ్వుకుని వారంపాటు గుండ్లు కురిసినా చాలామంది బతికి బయటికొచ్చి మెషిన్ గన్లు పట్టారు, 1916 జూలై 1న దాడికొచ్చిన బ్రిటిష్ వైపు చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, గల్లంతైనవాళ్లు కలిపి 57 వేల పైనే.

బెల్జియంలో ఈప్ర్ దగ్గర సీన్ రివర్స్. బంకమట్టిలో నీళ్లు దిగవు, కాస్త తవ్వితే ఊట, మురుగు కాలవలేమో గుండ్లకి నాశనం, 1917 ఆగస్టు వానలకి అంతా బురదే. జర్మన్లు నేలమీదే కాంక్రీటు గదులు కట్టుకున్నారు పాపం. అదే మట్టి సొరంగాలకి మాత్రం సూపర్, తడి ఇసుక పొర దాటితే నీలం బంకమన్ను, అదే ఏడాది జూన్ 7న ఈప్ర్ దగ్గర్లో జర్మన్ల చేతిలో ఉన్న మెసీన్ గుట్ట కింద బ్రిటిష్ వాళ్ల 19 భారీ మందుపాతరలు పేలింది దాని పుణ్యమే.