‘ఉమెన్ 40 ప్లస్’ హెల్త్ ప్యాకేజీలు: 90 పరీక్షల్లో గుండెకు పనికొచ్చేవి ఎన్ని?

నలభై దాటిన ఆడవాళ్ల కోసమంటూ ఇప్పుడు దాదాపు ప్రతి డయాగ్నొస్టిక్ ల్యాబూ ఒక ప్యాకేజీ అమ్ముతోంది. పేర్లు వేరు, సరుకు ఒకటే. పొద్దున్నే ఇంటికొచ్చి రక్తం తీస్తారు, సాయంత్రానికి ఫోన్‌లోకి బారెడు పీడీఎఫ్ వస్తుంది. అందులో గొప్పగా కనిపించేది ‘90 పరీక్షలు’ అన్న అంకె. సీబీపీ (రక్తకణాల పరీక్ష) ఒక్కదాన్నే విడదీస్తే 20కి పైగా వరుసలొస్తాయి. మూత్ర పరీక్ష ఇంకో 15, లివర్ ఫంక్షన్ 11, లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) 8. లిపిడ్‌లో నిజంగా కొలిచేవి మూడో నాలుగో, మిగతావి వాటి మీద వేసిన కూడికలూ భాగహారాలే.

అసలు లోటు వేరే ఉంది. ముట్లుడిగే దశలో ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గేకొద్దీ ఎల్‌డీఎల్ (గుండె రక్తనాళాల్లో పేరుకునే చెడు కొలెస్ట్రాల్) పెరుగుతుంది. చివరి నెలసరికి అటూ ఇటూ ఏడాదిలోనే ఆ పెరుగుదల ఎక్కువ. తొడల దగ్గర చేరే కొవ్వు పొట్ట లోపలికి మళ్లుతుంది, బీపీ మెల్లగా పైకి జరుగుతుంది. మన దేశంలో ఇదంతా సగటున 46-47 ఏళ్లకే. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ఆపరేషన్ రోజే మొదలు. అండాశయాలు ఉంచినా అవి కొన్నేళ్లు ముందే చాలించుకోవచ్చు. ఇది మనవాళ్లు తేలిగ్గా తీసుకోకూడని సంగతి: 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవారు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. నెలసరి సక్రమంగా వస్తున్న 45 ఏళ్ల ఆవిడకంటే 36 ఏళ్లకే ఆపరేషన్ అయినావిడకు ఈ చెకప్ ఎక్కువ అవసరం. కానీ ప్యాకేజీ పేరే ‘40 ప్లస్’. నెలసరి ఎప్పుడు ఆగింది, ఆపరేషన్ అయిందా, గర్భంతో ఉన్నప్పుడు బీపీ గానీ షుగర్ గానీ వచ్చిందా అన్న మూడు ప్రశ్నలూ బుకింగ్ ఫారంలో సాధారణంగా ఉండవు.

ఇంటికొచ్చి రక్తం తీసే రకంలో బీపీ, నడుము కొలత కూడా ఉండవు. ఉన్నచోటా హడావిడే. బీపీ చూసేముందు ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి కూర్చోవాలి. అరగంట ముందునుంచి కాఫీ, టీ వద్దు, మూత్రం ఆపుకుని ఉండకూడదు. బిగుతైన జాకెట్టు చేతిని పైకి మడిచి పట్టీ చుడితే ఆ మడతే చేతిని నొక్కి రీడింగ్ తప్పిస్తుంది. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనిపిస్తుంది. నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. ఒక్కసారే చూసి 148/92 అని రాసిచ్చిన కాగితంతో మందులు మొదలుపెట్టేయకూడదు. నడుముకి దర్జీ టేపు చాలు. లంగా బొందు కట్టేచోట కాదు, ఆఖరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన, ఊపిరి వదిలాక కొలవాలి. 80 సెంటీమీటర్లు దాటితే మన ఆడవాళ్లకు ఎక్కువే.

ఇక షుగర్. చాలా ప్యాకేజీలు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్) మీదే ఎక్కువగా ఆధారపడతాయి. కానీ నెలసరి ఆగేముందు చాలామందికి అధిక రక్తస్రావం ఉంటుంది. ఐరన్ లోపిస్తే ఈ అంకె ఉన్నదానికంటే ఎక్కువగా, ఈమధ్యే బాగా రక్తం పోయినా, రక్తం ఎక్కించుకున్నా తక్కువగా రావచ్చు. సీబీపీలో హిమోగ్లోబిన్ తక్కువుంటే పరగడుపు షుగర్, 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు ఇంకోటి చేయించడమే మేలు. రక్తం తీసే అబ్బాయి చేతిలో గ్లూకోజ్‌కి బూడిదరంగు మూత ట్యూబు ఉందో లేదో చూడండి. మామూలు ట్యూబులో రక్తం అలాగే ఉంటే కణాలు గంటకు 5-7 శాతం గ్లూకోజ్‌ని తినేస్తాయి. మే నెల ఎండలో బైకు మీద నాలుగిళ్లు తిరిగొచ్చే పెట్టెలో ఇంకా త్వరగా.

థైరాయిడ్ పరీక్ష ఉండటం ఈ ప్యాకేజీలో మెచ్చుకోదగ్గ విషయం, ఎందుకంటే థైరాయిడ్ తగ్గినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది. అయితే జుట్టు రాలకుండా వేసుకునే బయోటిన్ మాత్రలు కొన్ని యంత్రాల్లో టీఎస్‌హెచ్‌ని (థైరాయిడ్‌ని నడిపే హార్మోన్) తప్పుగా తక్కువ చూపిస్తాయి. కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. ఆ మాట ల్యాబు పంపే సూచనల్లో చాలాసార్లు ఉండదు, ‘10 గంటలు ఏమీ తినొద్దు’ అన్నదే ఉంటుంది.

డబ్బు దండగ ఎక్కడంటే, ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాలను నడిపే హార్మోన్), సీఏ-125 (అండాశయ క్యాన్సర్ కోసం చూసే పరీక్ష)ల దగ్గర. 45 దాటి ఏడాదిపాటు నెలసరి రాకపోతే అదే మెనోపాజ్, ఎఫ్‌ఎస్‌హెచ్ కొత్తగా చెప్పేదేం లేదు. 40కి ముందే ఆగినవారికి మాత్రం అది తప్పనిసరి. సీఏ-125 ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో క్యాన్సర్ కాని గడ్డలు) ఉన్నా పెరుగుతుంది, అది చూసి క్యాన్సరని ఇల్లంతా వణికిపోవడం తప్ప లాభం లేదు. ఆస్పత్రుల ప్యాకేజీల్లో కలిపే ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా ఏ లక్షణాలూ లేనివారికి అక్కర్లేదు, ఆడవాళ్లలో దాని తప్పుడు పాజిటివ్‌లు ఎక్కువ. ఈసీజీ నార్మల్ వచ్చిందని మెట్లెక్కితే వచ్చే ఆయాసాన్నీ, దవడ నొప్పినీ ‘గ్యాస్’ అని కొట్టిపారేయడం అంతకంటే ప్రమాదం.

మా తూకంలో ఈ ప్యాకేజీకి ఐదుకి రెండు. విడిగా సీబీపీ, లిపిడ్ ప్రొఫైల్, పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ, టీఎస్‌హెచ్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చేయించుకుంటే గుండె లెక్కకు సరిపోతుంది. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో మరో రకం కొవ్వు) 400 దాటితే లెక్కగట్టిన ఎల్‌డీఎల్ నమ్మదగింది కాదు, నేరుగా కొలవమనాలి. డబ్బు ఇబ్బంది ఉంటే 30 దాటినవారికి బీపీ, షుగర్ పీహెచ్‌సీలో ఉచితం. తెలంగాణలో డాక్టరు రాసిస్తే పీహెచ్‌సీ, బస్తీ దవాఖానాల్లో తీసిన రక్తాన్ని ప్రభుత్వ ల్యాబు టీ-డయాగ్నొస్టిక్స్ ఉచితంగా పరీక్షిస్తుంది. అక్కడ కొంత ఆలస్యం కావచ్చు.

లైపోప్రొటీన్(ఎ) అని ఒకటుంది, పుట్టుకతో వచ్చే గుండె ముప్పు చెప్పే రక్తపరీక్ష, దక్షిణాసియా వాళ్లలో చూడదగ్గదే. దాన్ని జీవితంలో ఒకసారి చేయించుకుంటే చాలు. ఏటా రెన్యువల్ ప్యాకేజీలో మళ్లీ కలిపి ఉంటే తీసేయమని అడగండి.