కోల్ట్ పాటర్సన్ ఐదు గుండ్ల రివాల్వర్: గుర్రం మీద గట్టిది, మందు నింపడంలో తంటా

1830, 40ల్లో టెక్సాస్ సరిహద్దు సైనికుడు అక్కడి స్థానిక తెగ కొమాంచీలకు ఎదురుపడితే, అతని చేతిలో ఉండేది ఒంటి గుండు రైఫిల్. ఒకసారి కాల్చాక మళ్లీ నింపడానికి అర నిమిషమైనా పట్టేది, అదీ గుర్రం దిగితేనే. కొమాంచీ యోధుడు ఈలోగా స్వారీ ఆపకుండానే వరసగా బాణాలు వేసేవాడు. గుర్రం జూలుకు అల్లిన తాడు ఉచ్చులో మోచెయ్యి దూర్చి, ఒక పక్కకు పూర్తిగా ఒరిగి, గుర్రం మెడ కింద నుంచి కొట్టేవాడు. నేలా వాళ్లదే, స్వారీ విద్యా వాళ్లదే. తుపాకుల తయారీదారు కోల్ట్ చేసిన ఐదు గుండ్ల రివాల్వర్ పాటర్సన్ నంబర్ 5ను ఆ పోరుతోనే తూచాలి. అలా తూస్తే 5కి 3 మార్కులు ఇవ్వొచ్చు.

గుండు వ్యాసం 0.36 అంగుళాలు. సిలిండర్‌లో ఐదు గదులు, గొట్టం పొడవు తరచుగా 9 అంగుళాలు. 1839లో, అప్పట్లో వేరే దేశంగా ఉన్న టెక్సాస్ రిపబ్లిక్ తన నౌకాదళం కోసం 180 కొన్నది. తర్వాత అవి జాక్ హేస్ నడిపిన సరిహద్దు దళం రేంజర్లకు చేరాయి. ట్రిగ్గర్ లోపల ముడుచుకుని ఉంటుంది, హ్యామర్ (వెనకనుండే సుత్తి) వెనక్కి లాగితేనే కిందికి దిగుతుంది. ఒరలోంచి లాగేటప్పుడు దేనికీ తగులుకోదు, అది బాగుంది. లోపలి భాగాలు మాత్రం సున్నితం.

అసలు చిక్కు తుపాకి మందు నింపడంలో. తొలి మోడల్‌లో హ్యామర్‌ను సగం లాగి, గొట్టం పక్కనున్న చీల ఊడదీసి, గొట్టం ముందుకు లాగి, సిలిండర్ బయటికి తీయాలి. మందు డబ్బాకి ఐదు ముక్కులుంటాయి, ఐదు గదుల్లోకీ ఒకేసారి పోయొచ్చు. చక్కటి ఏర్పాటు! ఆపైన ఒక్కో గుండునూ అదిమి దించి, వెనక ఐదు క్యాపులు (హ్యామర్ దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న రాగి మూతలు) తొడగాలి. ఆ హడావిడిలో చీల గడ్డిలో జారిపోతే చేతిలో మిగిలేది మూడు ఇనప ముక్కలు. అందుకే నింపి ఉంచిన సిలిండర్ ఇంకోటి దగ్గర పెట్టుకోవాలి. 1839 నుంచి నింపే కడ్డీతో వచ్చినవి మేలు, వాటికి గొట్టం ఊడదీయక్కర్లేదు.

గుండు వదులుగా ఉంటే ఒక గదిలో మంట పక్క గదులకు పాకి, గొట్టానికి ఎదురుగా లేనివీ పేలతాయి. అంచున సన్నటి సీసపు చుట్ట చెక్కుకుపోయేంత బిగువుగా గుండు దిగాలి, దాని మీద కొవ్వు పూయాలి. పేలిన క్యాపుల రాగి ముక్కలు సందుల్లో చిక్కుకుంటే సిలిండర్ తిరగదు. గొట్టం ఆకాశంవైపు ఎత్తి హ్యామర్ లాగడం అలవాటు చేసుకుంటే అవి చాలావరకు రాలిపోతాయి.

1844 జూన్ 8న వాకర్స్ క్రీక్ దగ్గర దీని సత్తా తేలింది. హేస్ వెంట సుమారు 15 మంది, ఎదురుగా అంతకు చాలా రెట్లు కొమాంచీలు. మొదటి కాల్పులు అయిపోనిచ్చి, రైఫిళ్లు ఖాళీ అయ్యాక మీద పడటం కొమాంచీల పద్ధతి. ఇన్నేళ్లూ పనిచేసిన ఆ లెక్క ఆ రోజు తప్పింది, రేంజర్లు గుర్రం దిగకుండానే కాల్చుతూ పోయారు. అయినా చివరికి గుండ్లు నిండుకున్నాయి. నింపిన తుపాకి మిగిలిన రేంజర్ గిలెస్పీ ఒక్క దెబ్బతో కొమాంచీ నాయకుణ్ణి కూల్చాకే పోరు ముగిసింది. ఐదు గుండ్లు చాలవని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అదే పోరులో బల్లెం దెబ్బ తిన్న రేంజర్ శామ్యూల్ వాకర్ సలహాలతో 1847లో కోల్ట్ కొత్తది చేశాడు: ఆరు గదులు, 0.44 అంగుళాల గుండు, ట్రిగ్గర్ చుట్టూ కమ్మీ, గొట్టం కిందే నింపే కడ్డీ. బరువు రెండు కిలోల పైమాటే, జీనుకు కట్టిన ఒరలోనే మోయాలి. గదికి 60 గ్రెయిన్ల (సుమారు 4 గ్రాముల) మందు పడుతుంది, కొన్నిటి సిలిండర్లు పగిలిపోయాయి. సిలిండర్ చుట్టూ రేంజర్లు, కొమాంచీల పోరు చెక్కి ఉంటుంది. కాల్చిన అదురుకు నింపే కడ్డీ కిందికి జారి ఆ సిలిండర్‌కే అడ్డం పడుతుంది, అందుకని దాన్ని గొట్టానికి తోలు పేలికతో కట్టుకునేవాళ్లు.