వేదికపై షాక్ కొట్టకుండా: ఎర్త్ కడ్డీ, ఆర్‌సీసీబీ, వైర్‌లెస్ మైకు – ఏది మేలు?

తుమ్మలపల్లి కళాక్షేత్రం వంటి శాలలో పాడటం వేరు, గుంటూరు అరండల్‌పేటలో చవితి పందిట్లో పాడటం వేరు. పందిట్లోకి స్తంభం నుంచో జనరేటర్ నుంచో రెండు తీగలే లాగి, మూడోదైన ఎర్త్‌ను వదిలేయడం తరచూ కనిపిస్తుంది. పైగా అది వానల కాలం, వేదిక తడిసి ఉంటుంది.

గిటారు తీగలు యాంప్లిఫయర్ బాడీతోనూ, మైకు జాలీ మిక్సర్ బాడీతోనూ కలిసి ఉంటాయి. వాటిలో ఒకదానికి ఎర్త్ లేక, లోపల ఫేజు బాడీకి తగిలితే, తీగల మీద చెయ్యి ఉంచి మైకుకు పెదవి ఆనించిన మనిషి ఒంట్లోంచే కరెంటు పారుతుంది. 1972లో స్వాన్సీ నగరంలో స్టోన్ ది క్రోస్ బృందపు గిటారిస్టు లెస్లీ హార్వే ప్రదర్శన వేళ మైకు తాకి ప్రాణం కోల్పోయాడు.

పందిరి పక్కన నేలలో ఎర్త్ కడ్డీ పాతామని నిశ్చింతగా ఉండేవారు ఒక లెక్క చూడాలి. కడ్డీ నిరోధం 20 ఓంలైతే, 230 వోల్టుల ఫేజు బాడీకి తగిలినప్పుడు పారేది 11.5 ఆంపియర్లకు మించదు; 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు హద్దు మీరితే సరఫరా తెంచే స్విచ్) దానికి పడిపోదు, బాడీ మీద ప్రమాదకరమైన వోల్టేజీ అలాగే నిలిచి ఉంటుంది. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు దారి తప్పి కారడాన్ని పసిగట్టే స్విచ్) అలా కాదు. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో పూర్తిగా తిరిగి రాకపోతే అది వెంటనే సరఫరా తెంచుతుంది. తడి ఒంటి నిరోధం 1000 ఓంలనుకుంటే పారే 230 మిల్లీఆంపియర్లకు అది 0.04 సెకనులోపే పడిపోవాలి. 100, 300 మిల్లీఆంపియర్ల రకాలు మనిషి రక్షణకు చాలవు కనుక కొనేటప్పుడు అంకె చదివి తీసుకోవాలి.

అందుకే ఒక్కటే కొనే స్తోమత ఉంటే ఆర్‌సీసీబీయే కొనమంటాను. అయితే దానికీ హద్దులున్నాయి. ఒక చెయ్యి ఫేజునూ మరో చెయ్యి న్యూట్రల్‌నూ తాకితే అది కాపాడలేదు. జనరేటర్ న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలపకపోతే, ఫేజు బాడీకి తగిలినా అది పడిపోకపోవచ్చు. దాని టెస్టు బటన్ నొక్కితే పడిపోవడం యంత్రం పనిచేస్తోందనడానికే రుజువు, వేదికకు ఎర్త్ ఉందనడానికి కాదు. కాబట్టి ఆర్‌సీసీబీ పెట్టామని కడ్డీని మానరాదు.

వైర్‌లెస్ మైకు మిక్సర్‌కూ గాయకుడికీ మధ్య తీగను తొలగిస్తుంది కనుక పెదవి దగ్గరి దారి మూసుకుపోతుంది. కానీ గిటారు, కీబోర్డు వాయించేవారికి తడి నేల మీద ప్రమాదం అలాగే ఉంటుంది.

స్పీకర్లలో గుర్రుమనే శబ్దం పోవాలని త్రీపిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేయడాన్ని మాత్రం ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోకూడదు. మిక్సర్‌కూ యాంప్లిఫయర్లకూ ఒకే బోర్డు నుంచి సరఫరా ఇవ్వండి. అప్పటికీ శబ్దం ఆగకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సులో (వాయిద్యం సిగ్నల్‌ను మిక్సర్‌కు చేర్చే పెట్టెలో) గ్రౌండ్ లిఫ్ట్ మీట వాడండి. అది సిగ్నల్ తీగ ఎర్త్‌నే తెంచుతుంది, కరెంటు ఎర్త్ పదిలంగా ఉంటుంది.

ఎవరూ వాయిద్యం ముట్టకముందే, మల్టీమీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి, ఒక మొన గిటారు తీగకూ మరొకటి మైకు జాలీకీ ఆనించి చూడండి. పదుల వోల్టులు కనబడితే, కారణం దొరికేదాకా కార్యక్రమం మొదలుపెట్టవద్దు.